కారం మిల్లులో రంగు సెన్సర్: అద్దానికి దుమ్ము పట్టకుండా ఏం చేయాలి?

గుంటూరులో ఒక కారం మిల్లు. జల్లెడ కింద పొడి జారే గొట్టానికి ఏఎస్7341 సెన్సర్ (వెలుగును రంగుల వారీగా కొలిచేది), ఈఎస్‌పీ32 (రీడింగులు తీసుకునే చిన్న కంట్రోలర్ బోర్డు), 45 డిగ్రీల వాలులో తెల్ల ఎల్ఈడీ బిగించాం. 480 (నీలి వెలుగు), 680 (ఎర్ర వెలుగు) నానోమీటర్ల రీడింగుల నిష్పత్తిని బట్టి రంగు అంచనా వేస్తున్నాం; కారం ఎంత ఎర్రగా ఉంటే 480 దగ్గర వెలుగును అంత ఎక్కువ మింగుతుంది. ఎల్ఈడీ వెలుగు కాస్త తగ్గినా నిష్పత్తి పెద్దగా మారదు.

అసలు చిక్కు దుమ్ముతోనే. సెన్సర్ ముందున్న అద్దం మీద పేరుకున్న ఎర్రటి పొర కూడా 480 దగ్గర వెలుగును మింగేస్తుంది. దాంతో రంగు తక్కువ సరుకు కూడా మంచిదన్నట్టే చూపిస్తోంది. ఇది చాలా ప్రమాదం. మిరప నూనె వల్ల ఆ పొర పొడిగుడ్డకు రాదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాల్సిందే.

కంప్రెసర్ గాలి ఊదిద్దామంటే, తేమ, నూనె వడగట్టకపోతే కారం ఉండలు కడుతుంది. గాజు పగిలితే ముక్కలు సరుకులో పడతాయి. గాజు బదులు పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) వేస్తే గీతలు పడతాయి. ఇలాంటి చోట పనిచేసినవాళ్లు చెప్పండి: గాలి ఎంత ఒత్తిడితో, ఏ కోణంలో ఊదాలి? పొడి ఆగినప్పుడు అద్దం ముందుకు తెల్ల పలక తెచ్చి రీడింగు సరిచూసుకుంటే సరిపోతుందా?