ఎడిన్‌బరోలో ఏ ఏరియాలో దిగాలి? ఆగస్టు, అమ్మానాన్నలతో

గోదారి_గట్టు
మేం మాంచెస్టర్‌లో ఉంటాం. అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి జూలైలో వస్తున్నారు. ఆగస్టు రెండో వారంలో నాలుగు రాత్రులు ఎడిన్‌బరో అనుకుంటున్నాం. మేమిద్దరం, బాబు, వాళ్ళిద్దరూ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు కష్టం. నాన్నగారికి రెండు పూటలు బయట తింటే మూడో పూట చారు, పెరుగన్నం పడాల్సిందే, కాబట్టి వంటగది ఉన్న ఫ్లాట్ కావాలి. ఓల్డ్ టౌన్, న్యూ టౌన్, హేమార్కెట్, లీత్ చూస్తున్నాను. గ్రాస్‌మార్కెట్‌లో ఒక ఫ్లాట్ ఫొటోల్లో చాలా బాగుంది, కోటకి నడక ఆరు నిమిషాలని మ్యాప్ చూపిస్తోంది. తీసుకోవచ్చా? కారులో రావడం మంచిదా, రైల్లోనా?

పచ్చడి_సీసా
ఆగస్టులోనా! ఫ్రింజ్ అనే పెద్ద నాటకాల పండగ నెలండీ అది. దానికి తోడు కోట ముందు మిలిటరీ టాటూ, అంటే సైనిక బ్యాండ్ల ప్రదర్శన. మేం మే నెలలో ఉన్న గదికే ఆగస్టులో ఎంత చెబుతున్నారో ఊరికే చూశాను, మూడింతలు. ఏరియా సంగతి తర్వాత, ముందు నెల మార్చుకోండి. సెప్టెంబరులో వాతావరణం కూడా బాగుంటుంది.

ట్రామ్_పిచ్చోడు
బాబుకి బడి ఉండదా సెప్టెంబరులో? అడిగింది ఏరియా గురించి. హేమార్కెట్ తీసుకోండి. మాంచెస్టర్ నుంచి వచ్చే రైలు పెద్ద స్టేషన్ వేవర్లీ కన్నా ముందు అక్కడే ఆగుతుంది. స్టేషన్ బయటే ట్రామ్. ప్రిన్సెస్ స్ట్రీట్ రెండు స్టాపులు. ట్రామ్‌లోకి మెట్టు ఉండదు, ప్లాట్‌ఫామ్ ఎత్తులోనే ఎక్కొచ్చు. అయిపోయింది, థ్రెడ్ మూసేయండి.

క్లోజుల_కాపరి
ఎవరూ అసలు విషయం చెప్పట్లేదు. ఈ ఊళ్ళో మ్యాప్‌ని నమ్మితే మోకాళ్ళు మిగలవు. ఓల్డ్ టౌన్‌లో రోడ్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కౌగేట్ కింద పోతుంటే సౌత్ బ్రిడ్జ్, జార్జ్ ఫోర్త్ బ్రిడ్జ్ దాని నెత్తి మీంచి పోతాయి. మ్యాప్‌లో రెండూ కలిసినట్టే కనిపిస్తాయి, మనిషి మాత్రం కింద నిలబడి పైన బస్సు పోవడం చూస్తుంటాడు. ఆ ఆరు నిమిషాల దారి కాసిల్ వైండ్ మెట్లు. గ్రాస్‌మార్కెట్ నుంచి నిట్టనిలువుగా పైకి. అమ్మగారిని ఆ మెట్లు ఎక్కించకండి. అక్కడి పాత భవనాల్లో లోపలి మెట్లు కూడా మలుపులు తిరుగుతూ రాతివి, ఒక్కోటి ఒక్కో ఎత్తు. లిఫ్ట్ ఆశ పెట్టుకోవద్దు. ఫొటోల్లో సోఫా చూపిస్తారు కానీ మెట్లు చూపించరు. పైగా గ్రాస్‌మార్కెట్ అంటే వరసగా పబ్బులు, పెళ్ళికి ముందు తాగడానికి ఇంగ్లండ్ నుంచి దిగే గుంపులు.

నేనిక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, వచ్చే ప్రతి చుట్టాన్నీ తిప్పేది నేనే. ఈ ఊరి గురించి నన్ను అడగండి, గూగుల్‌ని కాదు.

డల్లాస్_బాబాయ్
మేం కిందటేడు యూరప్ ట్రిప్‌లో కోట నుంచి దిగే పెద్ద వీధి రాయల్ మైల్ మీదే ఉన్నాం. కిటికీ తీస్తే బ్యాగ్‌పైప్. సూపర్. ఖర్చు చూసుకుంటే ఎలా, అంత దూరం నుంచి వచ్చి? లీత్ మాత్రం వద్దు. సేఫ్ కాదు. చీకటి పడ్డాక అక్కడ తిరగకూడదని మా కజిన్ చెప్పాడు.

లీత్_వాసి
మీ కజిన్ ఏ శతాబ్దంలో వచ్చాడు సార్?

ఇక్కడే కాపురం ఉంటున్నాం, ఇద్దరు పిల్లలు. రాత్రి పదింటికి నైట్ షిఫ్ట్‌కి మా ఆవిడ ట్రామ్ ఎక్కి వెళ్తుంది. ఎప్పుడో పాత సినిమాల్లో చూసింది పట్టుకుని ఇప్పటికీ లీత్ అంటే మత్తుమందు సూదులు, గొడవలు అంటారు. నీటి ఒడ్డున షోర్ వీధి దగ్గర మిషెలిన్ స్టార్ హోటళ్ళున్నాయి, తెలుసా? రాణిగారి పాత ఓడ బ్రిటానియా ఉన్నది ఇక్కడే, ఓషన్ టెర్మినల్ పక్కన. హిందూ మందిరం ఉన్నదీ లీత్‌లోనే. 2023 జూన్ నుంచి ట్రామ్ లీత్ మీదుగా న్యూహేవెన్ దాకా వస్తోంది, ఎయిర్‌పోర్ట్ నుంచి మారకుండా దిగొచ్చు.

డల్లాస్_బాబాయ్
నేను చెప్పింది కుటుంబంతో వచ్చేవాళ్ళ కోసం. అంత కోపం దేనికి. క్రైమ్ రేట్ చూసుకోండి.

లీత్_వాసి
ఏ రేటు? పెట్టండి చూద్దాం. శుక్రవారం రాత్రి మీ రాయల్ మైల్ కింద కౌగేట్‌లో నిలబడి అప్పుడు మాట్లాడండి సేఫ్టీ గురించి.

క్లోజుల_కాపరి
ఇద్దరూ ఆగండి. అసలు లీత్ ఎడిన్‌బరో కాదు. హైదరాబాద్‌కి సికింద్రాబాద్ ఎలాగో దీనికి అది అలా. 1920 దాకా వేరే మున్సిపాలిటీ. జనాన్ని ఓటు అడిగితే కలపొద్దని గట్టిగా చెప్పారు, అయినా కలిపేశారు. ఆ మంట ఇప్పటికీ ఉంది, చూస్తున్నారుగా.

మారేడ్‌పల్లి_మనిషి
సికింద్రాబాద్‌ని మధ్యలోకి ఎందుకు లాగుతున్నారు?

లీత్_వాసి
నాకు 1920 మంట ఏమీ లేదు, నాది గుంటూరు. నా మంటల్లా చూడకుండా చెప్పేవాళ్ళ మీద.

డల్లాస్_బాబాయ్
చూశాను కదా, టూర్ బస్సు అటే వెళ్ళింది.

లీత్_వాసి
బస్సు కిటికీలోంచి! శభాష్.

కరీంనగర్_టు_కేబీ
అన్నలూ, చాలు. నేను ఇక్కడ యూనివర్సిటీలో చదువుతున్నా. స్టూడెంట్ లెక్క చెప్తా. న్యూయింగ్టన్ చూడండి. మింటో స్ట్రీట్, మేఫీల్డ్ పొడుగూతా చిన్న చిన్న గెస్ట్‌హౌస్‌లు. ఆ రోడ్డు మీద బస్సుకి ఆగే పని లేదు, ఒకటి పోతే ఇంకోటి. నికల్సన్ స్ట్రీట్‌లో హలాల్ షాపులు, మసాలాలు, బాస్మతి, పెరుగు డబ్బాలు అన్నీ దొరుకుతయ్. ఎండాకాలంలో యూనివర్సిటీ వాళ్ళు పోలక్ హాల్స్ గదులు బయటివాళ్ళకి ఇస్తారు, ఆర్థర్స్ సీట్ కొండ కిందనే. ఒక్క లోటు, వంటకి కుదరదు.

బస్సు చార్జీ గురించి చాలామంది పొరబడుతున్నారు. స్కాట్లాండ్‌లో 22 ఏళ్ళ లోపు వాళ్ళకీ, 60 దాటినవాళ్ళకీ బస్సు ఫ్రీ అన్నమాట నిజమే, కానీ ఇక్కడ ఉండేవాళ్ళకి, కార్డు ఉన్నవాళ్ళకే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి వర్తించదు. ఊళ్ళో ఎంత దూరం వెళ్ళినా ఒకటే చార్జీ, బ్యాంకు కార్డు తాకిస్తే చాలు.

గ్లాస్గో_గ్యాంగ్
ఇంత రచ్చ అవసరమా? గ్లాస్గోలో ఉండండి. అక్కడి క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి వేవర్లీకి రైలు దాదాపు 50 నిమిషాలు. 2025 సెప్టెంబరు నుంచి స్కాట్‌రైల్‌లో పీక్ టికెట్ కూడా తీసేశారు, పొద్దున్నే ఎక్కినా అదే ధర. హోటల్ ఖర్చులో సగం మిగులుతుంది. కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం ఫ్రీ. మనుషులు కూడా మాట్లాడతారు, ఎడిన్‌బరోలో లాగా చూసీ చూడనట్టు పోరు.

క్లోజుల_కాపరి
మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడని రోజూ రెండు రైళ్ళు ఎక్కించమనే సలహా. అద్భుతం. టాటూ అయ్యాక రాత్రి రైల్లో నిలబడి చూశారా ఎప్పుడైనా?

గ్లాస్గో_గ్యాంగ్
టాటూకి వెళ్తామని ఆయన అన్నాడా? నీ ఊరికి టూరిస్టులు తగ్గుతారని నీ బాధ.

క్లోజుల_కాపరి
తగ్గితే పండగ చేసుకుంటాం. ఆగస్టులో ఆఫీసుకి వెళ్ళాలంటే కరపత్రాలు పంచేవాళ్ళని తోసుకుంటూ వెళ్ళాలి.

పచ్చడి_సీసా
వంటగది అన్నారు కదా, దాని మీద ఒక్కరూ మాట్లాడలేదు. మేం ఫౌంటెన్‌బ్రిడ్జ్ వైపు కొత్త బిల్డింగ్‌లో లిఫ్ట్ ఉన్న ఫ్లాట్ తీసుకున్నాం. అంతా అద్దంలా ఉంది. ఎండుమిర్చి, ఇంగువ వేసి పప్పుకి పోపు పెట్టానో లేదో, ఇల్లంతా అలారాలు. ఒకటి ఆపితే ఇంకోటి. పక్క ఫ్లాట్ ఆయన వచ్చి తలుపు కొట్టాడు. మా అత్తగారు నిప్పంటుకుందనుకుని పాస్‌పోర్టుల సంచీ పట్టుకుని కారిడార్‌లో నిలబడ్డారు. మిగతా రోజులు ఊరగాయ, పెరుగు.

వైరింగ్_వాసు
ఇది నా పని కాబట్టి చెబుతాను. 2022 ఫిబ్రవరి నుంచి స్కాట్లాండ్‌లో ప్రతి ఇంట్లోనూ అలారాలు ఒకదానితో ఒకటి కలిసి మోగేలా ఉండాలి, చట్టం. అయితే వంటగదిలో పెట్టేది పొగ అలారం కాదు, వేడికి మోగేది. హాల్లో, నడవలో ఉండేవి పొగకి మోగుతాయి. అంటే వంటగదికి విడిగా తలుపుంటే, ఆ తలుపు మూసి, కిటికీ తీసి, ఫ్యాన్ వేసుకుని శుభ్రంగా పోపు పెట్టుకోవచ్చు. హాలూ వంటగదీ ఒకటే గదిగా ఉన్న ఫ్లాట్‌లో అయితే పొగని ఆపే తలుపే ఉండదు, అలారం దాకా తేలిగ్గా పోతుంది.

ఇక్కడే అసలు చిక్కు. లిఫ్ట్ ఉన్నవి కొత్త కట్టడాలు, వాటిలో ఎక్కువగా కలిపేసిన వంటగదులే. విడి వంటగది, దానికి బరువైన తలుపు కావాలంటే మార్చ్‌మాంట్, బ్రంట్స్‌ఫీల్డ్ వైపు పాత రాతి టెనమెంట్లు, అంటే ఉమ్మడి మెట్లున్న అంతస్తుల వాటా ఇళ్ళు, వాటికి లిఫ్ట్ ఉండదు. కాబట్టి గోదారి గారూ, మీరు తేల్చుకోవాల్సింది న్యూ టౌనా, లీతా అని కాదు. అమ్మగారి మోకాళ్ళా, నాన్నగారి పోపా అని.

డల్లాస్_బాబాయ్
అలారం మీద షవర్ క్యాప్ తొడిగితే సరి. మేం ఎప్పుడూ అదే చేస్తాం.

వైరింగ్_వాసు
దయచేసి ఇలాంటివి రాయకండి. పై అంతస్తుల్లో పిల్లలుంటారు. ఒకే మెట్ల దారిలో ఎనిమిది కుటుంబాలుండే భవనాలవి.

డల్లాస్_బాబాయ్
ఈ గ్రూపులో ఏం రాసినా తప్పే.

లీత్_వాసి
అన్నీ కాదు, మీరు రాసినవే.

స్టాక్‌బ్రిడ్జ్_సుబ్బలక్ష్మి
వాసు గారు చెప్పింది నిజమే కానీ దారుంది. "మెయిన్ డోర్ ఫ్లాట్" అని వెతకండి. టెనమెంట్‌లోనే కింది అంతస్తు, వీధిలోంచి సొంత తలుపు, ఉమ్మడి మెట్ల జోలి లేదు, వంటగది విడిగా. బ్రంట్స్‌ఫీల్డ్, మార్చ్‌మాంట్, లీత్ వాక్ పక్క వీధుల్లో దొరుకుతాయి. గుమ్మం ముందు రెండు మూడు మెట్లు ఉంటాయేమో అడిగి తెలుసుకోండి. బ్రంట్స్‌ఫీల్డ్ అయితే 23 నంబరు బస్సు జార్జ్ ఫోర్త్ బ్రిడ్జ్ మీద దింపుతుంది, అంటే మీరు అప్పటికే పై అంతస్తులో ఉన్నట్టు. కోట దాకా ఎత్తే, కానీ మెట్లు అక్కర్లేదు.

న్యూ టౌన్‌లో "గార్డెన్ ఫ్లాట్" అని చూసి మోసపోకండి, వీధిలోంచి రాతి మెట్లు దిగి వెళ్ళే సెల్లార్ అది చాలాచోట్ల. మా స్టాక్‌బ్రిడ్జ్ అందంగా ఉంటుంది, ఆదివారం సంత కూడా ఉంది, కానీ డండాస్ స్ట్రీట్ ఎత్తు చూసి మా అమ్మే రానంటుంది.

కరీంనగర్_టు_కేబీ
ఫ్లాట్ బుక్ చేసే ముందు లైసెన్స్ నంబర్ చూడండి అన్నా. 2023 అక్టోబరు నుంచి స్కాట్లాండ్‌లో రోజువారీ అద్దెకి ఇచ్చే ఇంటికి లైసెన్స్ తప్పనిసరి. ప్రకటనలో నంబర్ లేకపోతే దూరం. మా ఫ్రెండ్ వాళ్ళది వారం ముందు క్యాన్సిల్ చేశారు, పైసలు తిరిగొచ్చినయ్ గానీ ఆగస్టులో ఇంకో ఇల్లు ఎక్కడ దొరుకుతది?

పచ్చడి_సీసా
పన్ను కూడా ఉంది. 2026 జూలై 24 నుంచి ఉండే రాత్రులకి గది ధర మీద 5 శాతం, మొదటి ఐదు రాత్రుల దాకా. మీ నాలుగు రాత్రులకీ పడుతుంది. అందుకే చెప్పాను నెల మార్చుకోమని.

ట్రామ్_పిచ్చోడు
నెల మార్చుకుంటే పన్ను పోతుందా? జూలై 24 తర్వాత ఎప్పుడొచ్చినా అంతే.

పచ్చడి_సీసా
ధర తగ్గితే పన్ను కూడా తగ్గుతుంది కదా. లెక్కలు నాకూ వచ్చు.

గోదారి_గట్టు
అందరికీ థాంక్స్. గ్రాస్‌మార్కెట్ వదిలేశాను. బ్రంట్స్‌ఫీల్డ్‌లో ఒక మెయిన్ డోర్ ఫ్లాట్, లీత్‌లో బాల్ఫోర్ స్ట్రీట్ ట్రామ్ స్టాప్ దగ్గర ఇంకోటి చూస్తున్నాం. లీత్‌ది చవక, పైగా స్టేషన్ నుంచి మారకుండా ట్రామ్. మా ఆవిడ బ్రంట్స్‌ఫీల్డ్ అంటోంది, ఎదురుగా గడ్డి మైదానం ఉంది, బాబు ఆడుకుంటాడని. కారు సంగతి ఎవరూ చెప్పలేదు.

ట్రామ్_పిచ్చోడు
కారు వద్దు. ఊరి మధ్యలో పార్కింగ్‌కి పెట్టే డబ్బుతో ఇంకో రాత్రి ఉండొచ్చు. 2024 జూన్ నుంచి కాలుష్యం ఎక్కువ చేసే బళ్ళని రానివ్వని లో ఎమిషన్ జోన్ కూడా ఉంది, పాత డీజిల్ అయితే ఫైన్. తప్పదంటే ఇంగ్లిస్టన్ పార్క్ అండ్ రైడ్‌లో పెట్టి ట్రామ్ ఎక్కండి.

లీత్_వాసి
బాల్ఫోర్ స్ట్రీట్ తీసుకుంటే చెప్పండి, పెద్దవాళ్ళని ఒక పూట మా ఇంటికి భోజనానికి తీసుకురండి. మాది కింది అంతస్తే. అలారం గొడవ కూడా లేదు.

క్లోజుల_కాపరి
బ్రంట్స్‌ఫీల్డే మేలు. భోజనానికి లీత్ వెళ్ళండి.

డల్లాస్_బాబాయ్
పగలే వెళ్ళి వచ్చేయండి.

మారేడ్‌పల్లి_మనిషి
ఇన్వర్‌నెస్‌లో ఎవరైనా ఉన్నారా ఇక్కడ? అక్టోబరులో మేం అయిదుగురం, శాకాహారం.

గ్లాస్గో_గ్యాంగ్
కొత్త థ్రెడ్ పెట్టు బాస్, ఇక్కడైతే నిన్ను కూడా లీత్ పంపిస్తారు.