కోల్డ్ స్టోర్ డిస్‌ప్లేకీ చేతి థర్మామీటర్‌కీ 1.2 డిగ్రీల తేడా: ఆఫ్‌సెట్ సరిపోతుందా?

హార్బర్_క్యూసీ:
ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ అండీ. స్టోర్‌లో మూడు వైర్ల పీటీ100 (చలి, వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే సెన్సార్) ఉంది. డిస్‌ప్లే మైనస్ 19.2 అంటోంది, చేతి థర్మామీటర్ మైనస్ 18.0. కాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) సర్టిఫికెట్‌కి ఇంకా ఐదు నెలల గడువుంది. కంట్రోలర్‌లో ఆఫ్‌సెట్ (చూపే అంకెకు కలిపే సవరణ) పెట్టేసి ఊరుకోవచ్చా?

కొలత_గాజువాక:
ఆఫ్‌సెట్ ముట్టుకోకండి. రెండింట్లో ఏది తప్పో ఇంకా తేలలేదు. డీఫ్రాస్ట్ (పేరుకున్న మంచు కరిగించడం) లేని సమయంలో రెండు ప్రోబ్‌లనూ (కొలిచే కడ్డీలు) ఒకేచోట కట్టి చూడండి, గాలిలో చోటు మారితే డిగ్రీ తేడా మామూలే. అప్పటికీ తేడా ఉంటే ఐస్ పరీక్ష పెట్టండి, కరిగే ఐస్‌లో సరైన ప్రోబ్ సున్నా చూపాలి. డిస్టిల్డ్ వాటర్ ఐస్‌ని మెత్తగా పొడి చేసి, ఖాళీలు నిండేంత మాత్రమే డిస్టిల్డ్ నీళ్లు పోయాలి. థర్మాస్ మధ్యలో, అడుగు తగలకుండా ప్రోబ్ ఉంచి, అంకె నిలకడగా ఆగాక రాసుకోండి. హార్బర్‌లో దొరికే ఐస్ వద్దు. ఉప్పు తగిలితే సున్నా కిందికి పోతుంది, పరీక్షే తప్పవుతుంది.

ఇన్‌స్ట్రుమెంట్_మెకానిక్:
తప్పు డిస్‌ప్లేదే అని తేలితే ముందు జంక్షన్ బాక్స్ విప్పండి. పీటీ100 సున్నా దగ్గర 100 ఓమ్‌లు, మైనస్ 18 దగ్గర 92.95. డిగ్రీకి సుమారు 0.39 అన్నమాట. మీ 1.2 డిగ్రీలు అర ఓమ్ కూడా కాదు. మన సముద్రపు గాలికి చిలుము పట్టిన ఒక్క స్క్రూ చాలు! మూడు వైర్ల నిరోధం సమానమనుకునే కంట్రోలర్ తీసివేత చేస్తుంది. చిలుము ఏ వైరుకి పట్టిందన్నదాన్ని బట్టి అంకె పైకో కిందికో పోతుంది. ప్రోబ్‌లోకి తేమ దిగినా నిరోధం తగ్గి, ఉన్నదానికంటే చల్లగా చూపిస్తుంది. కంట్రోలర్ నుంచి విడదీసి ఇన్సులేషన్ నిరోధం (వైర్లకూ ప్రోబ్ తొడుగుకూ మధ్య) చూడండి. 100 వోల్టుల దగ్గర 100 మెగాఓమ్‌లకు తగ్గితే ప్రోబ్ మార్చేయడమే.

కొలత_గాజువాక:
గడువు సంగతికొస్తే, సర్టిఫికెట్ ఆ రోజు ఎంత తప్పుందో చెబుతుంది, అంతే. కాలిబ్రేషన్ మళ్లీ ఎప్పుడు చేయించాలన్నది మీ నిర్ణయం. ఇలా తేడా కనిపించినా, ప్రోబ్ మార్చినా, కింద పడినా గడువు దాకా ఆగకుండా చేయించాలి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్‌కి సెన్సార్‌నీ డిస్‌ప్లేనీ కలిపి ఇవ్వండి. సరిచేయకముందు అంకెలు కూడా అడగండి. అవి లేకపోతే పాత రికార్డుల్లో ఏ సరుకు నిజంగా మైనస్ 18 దాటి వేడెక్కిందో తేల్చలేరు.

హార్బర్_క్యూసీ:
మైనస్ 40 బ్లాస్ట్ ఫ్రీజర్‌కీ ఐస్ పరీక్ష చాలా?

ఇన్‌స్ట్రుమెంట్_మెకానిక్:
చాలదండీ. సున్నా దగ్గర సరిగ్గా ఉండి అక్కడ డిగ్రీ తప్పొచ్చు. ల్యాబ్‌కి పంపేటప్పుడు మైనస్ 40 పాయింటు కావాలని రాసివ్వండి. అడక్కపోతే వాళ్లకి వీలైన పాయింట్లే చేసిస్తారు.