జిగర్‌ఖూన్ అంటే కాలేయ రక్తస్రావమా?

ప్రశ్న: అఫ్ఘాన్ కుటుంబాల మానసిక ఆరోగ్యం మీద ఒక తెలుగు అనువాదంలో "ఆమెకు కాలేయ రక్తస్రావం" అని ఉంది. మూలంలోని దరీ (అఫ్ఘానిస్థాన్‌లో మాట్లాడే పార్శీ) మాట "జిగర్‌ఖూన్". ఇది రోగం పేరా, జాతీయమా? తెలుగులో ఏమనాలి?

జవాబు: జాతీయమేనండీ. జిగర్ అంటే కాలేయం, ఖూన్ అంటే నెత్తురు. రెండూ మనకు చుట్టాలే. తెలంగాణలో వినబడే 'జిగ్రీ దోస్త్'లో ఆ జిగరే ఉంది, 'ఖూనీ'లో ఆ ఖూనే ఉంది. మనకు ఖూనీ హత్యగా స్థిరపడిపోవడంతో చెవికి భయంకరంగా తోస్తుంది గానీ, దరీలో "జిగర్‌ఖూన్ అస్తమ్" అన్నవారు తమ దుఃఖం చెప్పుకుంటున్నారు. ఆప్తులు పోయినప్పుడే కాదు, గట్టి ఆశాభంగం కలిగినా ఈ మాటే. అందుకే 'కడుపుకోత' ఇక్కడ కుదరదు, అది బిడ్డను పోగొట్టుకున్నవారి బాధ. 'లోలోపల కుమిలిపోవడం' దగ్గరగా ఉంటుంది.

మరో జవాబు: ఒక్క మాటతో ఆగకండి. కాబూల్‌లో స్థానికుల మాటల నుంచి రూపొందించి 2006లో ప్రచురించిన 22 ప్రశ్నల లక్షణాల పట్టికలో జిగర్‌ఖూన్‌తో పాటు 'అసబీ', 'ఫిషార్' కూడా ఉన్నాయి. అసబీ నరం అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చింది. చిన్నదానికే చిరాకు, లోపల ఒత్తిడి. ఫిషార్ రెండు రకాలు. 'ఫిషారే బాలా' అంటే లోపల ఉడికిపోవడం, 'ఫిషారే పాయీన్' అంటే సత్తువ, ఉత్సాహం లేక చతికిలబడటం. మనవాళ్లు కోపంలో "బీపీ పెరిగింది" అంటారే, ఆ వరస. చిక్కేమిటంటే రక్తపోటుకూ ఈ మాటే. అందుకని ముందు మిషన్ పెట్టి కొలవాలి. కొలత మామూలుగా ఉన్నా "మీకేం లేదు" అని పంపేయకూడదు. "బాలానా, పాయీనా? ఎప్పటినుంచి? నిద్ర పడుతోందా?" అని అడగాలి. ఆ ప్రశ్నతోనే అసలు సంగతి బయటికొస్తుంది.

ప్రశ్న: మరి 'దివానా' అనే మాట అందరికీ తెలిసిందేగా, అది వాడితే?

జవాబు: దయచేసి వద్దండీ. మన పాటల్లో దివానా ప్రేమపిచ్చి కావచ్చు. అఫ్ఘాన్ ఇంట్లో అది పిచ్చివాడనే ముద్ర. ఆ ముద్ర ఒక్కరితో ఆగదు, అక్కచెల్లెళ్ల పెళ్లి సంబంధాల దాకా పోతుందని భయపడతారు. వారి 'ఆబ్‌రూ'యే మన 'ఆబోరు', వారి 'షర్మ్' మన 'సిగ్గూశరమూ'లోని శరం. జిగర్‌ఖూన్ అనడానికి మాత్రం ఎవరూ సిగ్గుపడరు. తల్లి కొడుకుతో అనగలదు, అత్త కోడలితో అనగలదు. మాట మొదలుపెట్టాల్సింది అక్కడే.

ఇంకొకటి, దుబాసీగా ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. తల్లి వాళ్ల ముందు సగం దాచుకుంటుంది, మిగతా సగం వాళ్లు మోయాలి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో లాగా ఒకే ఊళ్లో అఫ్ఘాన్‌లు చాలామంది ఉన్నచోట దుబాసీ తెలిసినవాడే అయ్యే ప్రమాదమూ ఉంది. అలాంటప్పుడు వేరే ఊరి దుబాసీతో, పేరు చెప్పకుండా, ఫోన్లో మాట్లాడించడం నయం. చావు ఆలోచనలు ఉన్నాయేమోనని అడగాల్సివస్తే ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. ఆత్మహత్య మహాపాపమని నమ్మేవారు సూటి ప్రశ్నకు వెంటనే "లేదు" అనేయవచ్చు. "పడుకుని మళ్లీ లేవకపోతే బాగుండునని అనిపిస్తోందా?" అని మొదలుపెట్టి, అవునంటే అప్పుడు సూటిగా అడగాలి. అడగడం మాత్రం మానకూడదు.

ప్రశ్న: అయితే "ఆమె నాలుగు నెలలుగా జిగర్‌ఖూన్‌తో, అంటే లోలోపల కుమిలిపోతూ ఉంది" అని దిద్దితే సరిపోతుందా?

జవాబు: బాగుంది. దరీ మాట మొదటిసారి ఉంచితే చాలు, తర్వాత 'కుమిలిపోవడం' అనండి. ఫిషార్‌ను మాత్రం చివరిదాకా ఫిషార్ అనే ఉంచండి. 'బీపీ' అని మార్చారంటే చదివిన నర్సు మాత్రల వైపు వెళ్లిపోతారు.