గ్లిసరాల్ కలిపిన వెలిగారపు ద్రావణానికి వేడిచేస్తే గులాబీ రంగు ఎందుకు తిరిగి వస్తుంది?

వెలిగారపు (బోరాక్స్) ద్రావణంలో, క్షారాన్ని గులాబీ రంగుతో చూపే ఫినాప్తలీన్ సూచిక వేస్తే వచ్చే గులాబీ రంగు గ్లిసరాల్ కలపగానే పోయి, వేడిచేస్తే తిరిగి వచ్చి, చల్లారితే మళ్లీ మాయమవుతుంది. గ్లిసరాల్‌ను గుర్తించే ఈ డన్‌స్టన్ పరీక్షలో మొదటి సగం నాకు అర్థమైంది. వెలిగారంలోని నాలుగు బోరాన్ పరమాణువుల్లో రెండు బోరిక్ ఆమ్లంగా, రెండు బోరేట్ అయాన్లుగా నీటిలో ఏర్పడతాయి కనుక, విలీన ద్రావణపు పీహెచ్ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 9.2 చుట్టూ నిలకడగా ఉంటుంది. గ్లిసరాల్‌లోని పక్కపక్క హైడ్రాక్సిల్ సమూహాలు బోరేట్‌ను వలయంగా బంధించడంతో, సహజంగా అతి బలహీనమైన బోరిక్ ఆమ్లం మరింత బలమైన ఆమ్లంలా ప్రవర్తించి పీహెచ్‌ను ఫినాప్తలీన్ రంగు కోల్పోయే 8.2 కంటే కిందికి దించుతుంది.

నా సందేహమంతా వేడి గురించే. వేడికి ఈ గ్లిసరాల్-బోరేట్ వలయం, అంటే సంశ్లిష్టం, విడిపోతుందన్న ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు చాలదనిపిస్తోంది. ఎందుకంటే గ్లిసరాల్ లేని 0.01 మోలార్ వెలిగారపు ద్రావణానికే పీహెచ్ 60 డిగ్రీల దగ్గర సుమారు 8.96కు తగ్గుతుంది, అంటే వేడి ఒకవైపు పీహెచ్‌ను దించుతూనే ఉంది. అయినా రంగు తిరిగి వస్తోందంటే, సంశ్లిష్టం ఏర్పడే చర్య గణనీయంగా ఉష్ణమోచకం (వేడిని విడుదల చేసేది) అయి ఉండాలా, లేక ఫినాప్తలీన్ సమతాస్థితి కూడా ఉష్ణోగ్రతతో పక్కకు జరుగుతోందా? గ్లిసరాల్ కంటే బోరేట్‌ను గట్టిగా పట్టుకునే మానిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ వాడినా మరిగించినప్పుడు రంగు తిరిగి వస్తుందా? స్వయంగా చేసి చూసినవారు ద్రావణాల గాఢతలతో సహా వివరించగలరని మనవి.