కంటోన్మెంట్‌లో ఇంతమందికి మెడ మీద బొబ్బలు: ఇది అంటువ్యాధా?

ప్రశ్న (హవల్దార్ గారి ఇల్లాలు):
మాది పంజాబ్‌లో ఒక కంటోన్మెంట్, గోడ అవతల వరి పొలాలు. వానలు మొదలైనప్పటి నుంచి బ్యారక్‌లో జవాన్లకు, ఇప్పుడు మా క్వార్టర్స్‌లో పిల్లలకు మెడ మీద, మోచేతి మడతలో గీత గీసినట్టు ఎర్రటి వాతలు వస్తున్నాయి. మర్నాటికి మంట, ఆపైన బొబ్బలు. కొందరు అక్కి అంటున్నారు, కొందరు గజ్జి అంటున్నారు. పిల్లలను ఆటలకు పంపాలంటే భయంగా ఉంది.

జవాబు (విశ్రాంత సైనిక వైద్య సహాయకుడు):
అమ్మా, ఇది అంటువ్యాధిలా లేదు, పిల్లలను ఆడుకోనివ్వండి. నా అనుమానమంతా పెడెరస్ పురుగు మీదే. సెంటీమీటరు లోపు పొడవు, చీమలాంటి నడక, నల్లటి తల, నారింజ రంగు ఒళ్లు, నడుమ నీలి పట్టీ. రాత్రిపూట దీపాల వెలుగుకు వస్తుంది. అది కుట్టదు. నిద్రలో మనం నలిపేస్తే దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మాన్ని కాలుస్తుంది. చెయ్యి రాసిన దారినే వాత తేలుతుంది, మోచెయ్యి ముడిస్తే ఎదుటి చర్మం మీదా అచ్చు పడుతుంది. 1960లలో అమెరికా స్థావరాలున్న ఒకినావా దీవిలోనూ ఇలాగే చాలామందికి వచ్చింది.

అక్కి ఇంతమందికి ఒక్కసారిగా రాదు. గజ్జి అయితే వేళ్ల సందుల్లో, రాత్రిపూట దురద. యూనిఫాం గుడ్డ ఒంటికి పడకపోవడమే కారణమైతే, అది వేసుకోని పిల్లలకెందుకు వస్తుంది?

అయినా ఊహతో ఆగిపోకూడదు. ఎవరికి, ఏ రోజు, ఒంటి మీద ఎక్కడ వచ్చింది, మంచం ఏ దీపం కింద ఉంది, రాత్రి కాపలా ఎవరిది అని జాబితా రాయించండి. బొబ్బలు రానివారినీ అవే ప్రశ్నలు అడగాలి, వచ్చినవారితో వాళ్లను పోల్చితేనే అసలు జవాబు దొరుకుతుంది. తెల్లవారగానే ట్యూబ్‌లైటు కింద పడిన పురుగులను సీసాలో పట్టి స్టేషన్ హెల్త్ ఆర్గనైజేషన్ (కంటోన్మెంట్‌లో ఆరోగ్య రక్షణ చూసే సైనిక విభాగం) వారికి ఇవ్వండి.

జవాబు (వరి రైతు):
ఆ పురుగు మా చేలో సుడిదోమను తింటుంది. దయచేసి పొలాల మీద మందు కొట్టించకండి. కిటికీలకు జాలీ బిగించండి, చీకటి పడ్డాక అక్కరలేని తెల్ల దీపాలు ఆర్పండి.

ప్రశ్న (హవల్దార్ గారి ఇల్లాలు):
మా మంచం సరిగ్గా లైటు కిందే ఉంది! ఒంటి మీద వాలితే ఏం చేయాలి?

జవాబు (విశ్రాంత సైనిక వైద్య సహాయకుడు):
నలపకుండా ఊదేయండి. నలిగితే వెంటనే సబ్బుతో కడిగి, తడి గుడ్డ వేయండి. ఆ చేత్తో కళ్లు నలుపుకోనివ్వకండి. కంటికి తగిలితే ఆ రాత్రే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మంచం ఈరోజే జరపండి, దోమతెర కట్టండి.