కారవాన్ బస్సులో ఉపగ్రహ ఇంటర్నెట్: హనుమకొండలో బాగానే పనిచేసి తాడ్వాయి దాటాక ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మేము కొందరు మిత్రులం కలిసి ఒక పాత బస్సును పడకలు, చిన్న వంటగది, వైద్యులు కూర్చునే గది ఉండేలా కారవాన్‌గా మార్పించుకుని, ములుగు, భూపాలపల్లి జిల్లాల అటవీ గ్రామాలలో వైద్య శిబిరాలు నడుపుతున్నాము. సెల్ సిగ్నల్ అందని గూడేలలో కూడా వరంగల్‌లోని చర్మవ్యాధుల, కంటి వైద్యులతో వీడియోలో మాట్లాడించాలన్న ఉద్దేశంతో బస్సు పైకప్పు మీద 98 సెంటీమీటర్ల వీశాట్ డిష్ (ఉపగ్రహంతో సంకేతాలు ఇచ్చిపుచ్చుకునే చిన్న డిష్) పెట్టించాము. ఇది జీశాట్-11 ఉపగ్రహంతో పనిచేస్తుంది.

హనుమకొండలో బస్సు నిలిపినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. తాడ్వాయి దాటి ఏటూరునాగారం వైపు గానీ, ముల్లకట్ట వంతెన మీదుగా గోదావరి అవతలి వాజేడు వైపు గానీ వెళ్లినప్పుడు మాత్రం మోడెమ్ మీద రిసీవ్ దీపం స్థిరంగా వెలుగుతూనే ఉంటుంది, ట్రాన్స్‌మిట్ దీపం మిణుకుమిణుకుమంటూ ఉండిపోతుంది. ఒక్కోసారి కాసేపు కలిసి మళ్లీ తెగిపోతుంది, సాయంత్రం పూట ఇది మరీ ఎక్కువ. మా కుర్రవాళ్లు పైకెక్కి డిష్‌ను అటూ ఇటూ తిప్పుతుంటే, కింద రోగులు ఎండలో ఎదురుచూస్తున్నారు. చెట్లు అడ్డం వస్తాయేమోనన్న భయంతో నీడ లేని బయలు ప్రదేశాలలోనే బస్సు నిలుపుతున్నాము. దయచేసి దారి చూపగలరు.

సమాధానం (కాజీపేట నుంచి, వీశాట్ అమరికల పనిలో ఉన్న సభ్యుడు)

మీ ప్రశ్నలోనే సగం సమాధానం ఉంది. రిసీవ్ దీపం స్థిరంగా ఉందంటే ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం మీకు అందుతోందనీ, మీ నుంచి పైకి వెళ్లవలసిన సంకేతమే వెళ్లడం లేదనీ అర్థం. ఈ రెండూ వేర్వేరు జబ్బులు కాబట్టి మందులూ వేర్వేరు. అందుకే ముందుగా ఒక విన్నపం: మోడెమ్ పేజీలోని అంకెలు చూడకుండా ఎవరినీ డిష్ మీద చెయ్యి వేయనివ్వకండి. బాగున్న గురిని చెడగొట్టుకున్నాక అసలు లోపం ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

బస్సు హనుమకొండలో ఉన్నప్పుడు మోడెమ్ పేజీ తెరిచి, సిగ్నల్ నాణ్యతను డెసిబెల్‌లలో చూపే అంకెను ఒక కాగితం మీద రాసి మోడెమ్ పక్కనే అంటించండి. అడవిలోకి వెళ్లాక అదే అంకె ఒక డెసిబెల్ తేడాలోపు వస్తే గురి సరిగానే ఉన్నట్టు, ఇక డిష్‌ను కదపనక్కరలేదు. అంకె బాగా తగ్గితే మాత్రం గురి తప్పినట్టే. రిసీవ్ దీపం వెలుగుతున్నా ఇలా జరగవచ్చు. పైకి వెళ్లే సంకేతం 14 గిగాహెర్ట్జ్ దగ్గర, కిందికి వచ్చేది అంతకంటే తక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి. పౌనఃపున్యం పెరిగిన కొద్దీ కిరణం సన్నబడుతుంది కనుక, గురి కొద్దిగా తప్పినా ఆ దెబ్బ ముందు ట్రాన్స్‌మిట్‌కే తగులుతుంది. 98 సెంటీమీటర్ల డిష్‌కు కిరణం వెడల్పు రెండు డిగ్రీల లోపే ఉంటుందని గుర్తుంచుకుంటే, బస్సు ఒక పక్కకు రెండు డిగ్రీలు ఒరిగి నిలబడినా ఏమవుతుందో ఊహించవచ్చు. కాబట్టి ఆగగానే మేస్త్రీలు వాడే రసమట్టాన్ని బస్సు నేల మీద నిలువుగానూ అడ్డంగానూ పెట్టి చూసి, జాకీలతో మట్టం చేసిన తర్వాతే డిష్‌ను లేపండి. ఎర్రమట్టి నేలలో జాకీ కింద చెక్క పలక వేయకపోతే, పొద్దున మట్టంగా ఉన్న బస్సు సాయంత్రానికి ఒక పక్కకు దిగిపోతుంది.

గురి ఎటు ఉండాలో కూడా చెబుతాను. జీశాట్-11 భూమధ్యరేఖకు పైన, 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన వరంగల్ దాదాపు 79.6 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి, ఇక్కడి నుంచి చూస్తే ఆ ఉపగ్రహం సరిగ్గా దక్షిణాన కాక, దక్షిణం నుంచి పడమరకు సుమారు 18 డిగ్రీలు జరిగి, క్షితిజం నుంచి సుమారు 68 డిగ్రీల ఎత్తున ఉంటుంది. తాడ్వాయికైనా వాజేడుకైనా ఈ అంకెలు ఒకటి రెండు డిగ్రీలకు మించి మారవు. దిక్సూచిని బస్సు పక్కన పెట్టి చూడకండి, ఆ ఇనుము దాన్ని దారి తప్పిస్తుంది. పది అడుగులు దూరం జరిగి చూడండి.

ఇప్పుడు అసలు అనుమానాలకు వస్తాను. గురి బాగుండి ట్రాన్స్‌మిట్ మాత్రమే రాకపోతే, నేను ముందు చూసేవి రెండు: మోడెమ్‌లో నమోదైన అక్షాంశ రేఖాంశాలు, మోడెమ్‌కు అందుతున్న వోల్టేజీ.

మొదటిది చాలామందికి తట్టదు. వీశాట్ పరికరాలన్నీ ఒకే మార్గాన్ని వంతులవారీగా వాడుకుంటాయి, ఎవరి వంతు ఎప్పుడన్నది సెకనులో అతి సూక్ష్మ భాగాల లెక్కలో నడుస్తుంది. మీ మోడెమ్ తన సంకేతాన్ని సరిగ్గా తన వంతుకు చేరేలా పంపాలంటే ఉపగ్రహం తనకు ఎంత దూరంలో ఉందో తెలియాలి, ఆ దూరాన్ని అది మీరు ఇచ్చిన అక్షాంశ రేఖాంశాల నుంచే లెక్కిస్తుంది. బస్సు వాజేడులో ఉండి, మోడెమ్ మాత్రం తాను ఇంకా హనుమకొండలోనే ఉన్నాననుకుంటే, సంకేతం వంతు తప్పి చేరుతుంది, ఇంటర్నెట్ సంస్థ భూకేంద్రం దాన్ని పక్కన పెట్టేస్తుంది. రిసీవ్‌కు ఈ లెక్కతో పని లేదు కనుక ఆ దీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది. జీపీఎస్ అమరిన మోడెమ్ అయితే తానే సరిచేసుకుంటుంది, లేకపోతే ఊరు మారిన ప్రతిసారీ ఫోన్‌లో చూసి మీరే మార్చాలి. ఆ ఇంటర్నెట్ సంస్థ అనుమతించిన పరిధిలోనే తిరుగుతున్నారో లేదో కూడా అడిగి తెలుసుకోండి. జీశాట్-11 వినియోగదారులకు దేశాన్ని 32 కిరణాలుగా పంచుకుని, ఒక్కో కిరణంతో ఒక్కో ప్రాంతానికి సేవ అందిస్తుంది, ఒక కిరణం పరిధి నుంచి మరొక దాని పరిధిలోకి వెళితే సంస్థ వైపు నుంచి కూడా మార్పు జరగాలి.

రెండవది వోల్టేజీ. మోడెమ్ వినేటప్పుడు తక్కువ కరెంటు తీసుకుంటుంది. డిష్ మీది ట్రాన్స్‌మిటర్‌కు కరెంటు వెళ్లేది కూడా మోడెమ్ నుంచే, అదే కేబుల్ గుండా. మాట్లాడవలసి వచ్చినప్పుడు కరెంటు పెరుగుతుంది, తీగ సన్నగా ఉంటే వోల్టేజీ అక్కడే పడిపోతుంది. సాయంత్రం పూట ఇబ్బంది ఎక్కువ అన్నారు కనుక నాకు ఈ అనుమానం బలంగా ఉంది. ఆ వేళకు లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ అదే బ్యాటరీ మీద నడుస్తుంటాయి కదా. బ్యాటరీ నుంచి మోడెమ్ వరకు ఏ తీగ వేశారో, ఎంత పొడవుందో చెప్పండి.

సమాధానం (ములుగు నుంచి మరొక సభ్యుడు)

చెట్ల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే రోగులు ఎండలో కూర్చోవడం నాకు బాధ కలిగించింది. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహాల సేవలకు ఆకాశం విశాలంగా కనిపించాలి. మీది కదలని ఉపగ్రహం, పైగా 68 డిగ్రీల ఎత్తున ఉంది. డిష్ కంటే పది మీటర్లు ఎత్తు పెరిగిన టేకు చెట్టయినా డిష్‌కు నాలుగు మీటర్లకు మించిన దూరంలో ఉంటే సంకేతానికి అడ్డం రాదు. అది కూడా దక్షిణ నైరుతి దిశలో ఉన్న చెట్టు సంగతే. ఉత్తరాన ఎంత పెద్ద ఇప్పచెట్టు ఉన్నా, దాని కొమ్మలు డిష్ మీదికి వంగనంతవరకు మీకు ఏమీ కాదు. కాబట్టి పెద్ద చెట్టుకు దక్షిణం వైపున బస్సు నిలిపి, రోగులను చెట్టు కింద కూర్చోబెట్టండి.

మార్చి మధ్యలోనూ, అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజుల పాటు మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంట ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. అప్పుడు కొన్ని నిమిషాలు సేవ ఆగిపోవడం సహజం, తనంతట తానే వస్తుంది. అదే సమయంలో డిష్ మీద ఆకుల నీడ పడుతోందో లేదో చూస్తే, ఉపగ్రహానికి అడ్డం ఉందో లేదో కూడా తేలిపోతుంది.

వాన విషయంలో మాత్రం చేయగలిగింది తక్కువ. 2023 జూలై చివరి వారంలో మా జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, అటువంటి వానలో ఏ డిష్ పనిచేయదు. మామూలు వానలో మోడెమ్ తన వేగాన్ని తగ్గించుకుని నెట్టుకొస్తుంది, జడివాన తగ్గేవరకు ఆగడమే మార్గం. మన దగ్గర ఆకాశం తేటగా ఉన్నా, సంస్థ భూకేంద్రం ఉన్న ఊరిలో భారీ వాన పడితే కూడా వేగం పడిపోతుంది.

మళ్లీ ప్రశ్న (హనుమకొండ నుంచి)

అన్నగారూ, మీరిద్దరూ చెప్పినట్టు చేసి చూశాము. తాడ్వాయిలో బస్సును మట్టం చేసిన తర్వాత సిగ్నల్ అంకె హనుమకొండ అంకెకు దాదాపు సమానంగా వచ్చింది. మోడెమ్‌లో ఇంకా హనుమకొండ అక్షాంశ రేఖాంశాలే ఉన్నాయి, వాటిని మార్చగానే ట్రాన్స్‌మిట్ దీపం నిలకడగా వెలిగింది. మధ్యాహ్నమంతా వీడియో బాగా నడిచింది. అయితే చీకటి పడ్డాక మళ్లీ తెగిపోవడం మొదలైంది. బ్యాటరీ బస్సు వెనుక ఉంది, మోడెమ్ ముందు గదిలో ఉంది. మధ్య దూరం ఎనిమిది మీటర్లు, తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లది. ఇన్వర్టర్ లేకుండా 12 వోల్టుల నుంచి నేరుగా కన్వర్టర్ (వోల్టేజీని మోడెమ్‌కు తగినట్టు మార్చే పెట్టె) ద్వారా మోడెమ్‌కు ఇస్తున్నాము.

ఇంకొక సందేహం. ఒక మిత్రుడు అమెరికా నుంచి స్టార్‌లింక్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ సంస్థ మినీ డిష్ తెచ్చి ఇస్తానంటున్నారు. దాన్ని పెట్టుకుంటే ఈ బాధలన్నీ తీరుతాయా?

సమాధానం (కాజీపేట నుంచి)

పగటి లోపం అక్షాంశ రేఖాంశాలది, రాత్రి లోపం తీగది. రెండూ కలిసి ఉండటం వల్లే ఇన్నాళ్లు దొరకలేదు.

లెక్క చూడండి. ఎనిమిది మీటర్ల దూరమంటే పోను రాను 16 మీటర్ల తీగ. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో ట్రాన్స్‌మిట్ సమయంలో 5 ఆంపియర్లు పారితే దాదాపు ఒక వోల్టు తీగలోనే పోతుంది. రాత్రికి బ్యాటరీ 12 వోల్టుల దగ్గరకు దిగి ఉంటే కన్వర్టర్‌కు 11 మాత్రమే అందుతుంది. చాలా కన్వర్టర్లు అక్కడే తడబడతాయి. అదే దూరానికి 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం పావు వోల్టుకు తగ్గుతుంది. హనుమకొండ చౌరస్తాలో ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా ఈ తీగ దొరుకుతుంది. ఫ్రిజ్ తీగ నుంచి పాయ తీయకుండా, బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజు పెట్టి మోడెమ్‌కు మాత్రమే లాగించండి. అమర్చాక ట్రాన్స్‌మిట్ నడుస్తుండగా కన్వర్టర్‌లోకి కరెంటు వెళ్లే చోటే మల్టీమీటర్‌తో కొలవండి. బ్యాటరీ దగ్గర కొలిస్తే మీకు లోపం ఎప్పటికీ కనిపించదు.

ఆ దారుల్లో కుదుపు ఎక్కువ కాబట్టి డిష్ దగ్గరి కేబుల్ కనెక్టర్లను కూడా విప్పి చూడండి, విప్పే ముందు మోడెమ్ ఆపడం మరువకండి. మధ్య రాగి తీగ నల్లబడినా, పచ్చగా చిలుము పట్టినా, లోపలికి జారిపోయినా కొత్త కనెక్టర్ వేసి, నీరు చొరకుండా రబ్బరు టేపు సాగదీసి చుట్టండి. మామూలు ఇన్సులేషన్ టేపు ఒక్క వేసవికే జిగురు కారి ఊడిపోతుంది.

వీడియోలో మాటకు మాటకు మధ్య విరామం వస్తే దాన్ని లోపమనుకోకండి. ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంది. ప్రశ్న వెళ్లి జవాబు రావడానికే అర సెకను పడుతుంది, పింగ్ (సంకేతం వెళ్లి తిరిగి వచ్చే సమయం) 600 మిల్లీసెకన్లు చూపినా అది ఆరోగ్యంగా ఉన్నట్టే. వైద్యుడు మాట ముగించాక రోగి జవాబు చెప్పేలా పక్కన ఒకరు కూర్చుంటే చాలు. వాలంటీర్ల ఫోన్లను మాత్రం ఆ వైఫైకి కలపనివ్వకండి. ఫోటోలు, యాప్‌లు తమంతట తాము ఎక్కుతూ దిగుతూ మీ నెల డేటాను ఒక్క రాత్రిలో తినేస్తాయి.

స్టార్‌లింక్ సంగతి స్పష్టంగా చెబుతాను, ఆ ఆలోచన మానుకోండి. ఆ ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి, ఆలస్యం చాలా తక్కువ, మినీ డిష్ ఒక కిలోకు కాస్త పైన తూగుతుంది, ఇవన్నీ నిజమే. ఆ సంస్థకు మన దేశంలో 2025 జూన్‌లో లైసెన్సు ఇచ్చిన మాట కూడా నిజమే. కానీ సంస్థకు లైసెన్సు వచ్చిందంటే, విదేశంలో కొన్న పరికరాన్ని ఎవరైనా ఇక్కడ వాడుకోవచ్చని కాదు. అనుమతి లేని ఉపగ్రహ పరికరం మన దగ్గర ఉండటమే నేరం. పైగా మీరు తిరిగేది ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ప్రాంతం, అక్కడ తనిఖీలు ఉంటాయి. రోగుల కోసం తిరిగే బస్సును ఆ చిక్కులోకి లాగకండి. మీ వీశాట్‌కు సంబంధించిన అనుమతి పత్రాల నకళ్లు కూడా బస్సులోనే ఉంచండి, ఎవరైనా ఆపి అడిగితే చూపడానికి పనికొస్తాయి.

మళ్లీ (హనుమకొండ నుంచి)

అన్నగారూ, 6 చదరపు మిల్లీమీటర్ల తీగ విడిగా వేయించాము. ఏటూరునాగారంలో రాత్రి శిబిరం ముగిసేవరకు ఒక్కసారి కూడా తెగలేదు, కన్వర్టర్ దగ్గర వోల్టేజీ 11.8 కంటే కిందికి దిగలేదు. ప్రతి గ్రామంలో బస్సు నిలిపే చోటు అక్షాంశ రేఖాంశాలను, అక్కడ వచ్చిన సిగ్నల్ అంకెను ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టాము. ముల్లకట్ట వంతెన అవతలికి కూడా ఇదే కిరణం సరిపోతుందని సంస్థవారు రాతపూర్వకంగా తెలియజేశారు.

సమాధానం (కాజీపేట నుంచి)

చాలా సంతోషం. ఆ పుస్తకంలో మరొక గడి గీసి, ట్రాన్స్‌మిట్ సమయంలో కన్వర్టర్ దగ్గర వోల్టేజీ ఎంత ఉందో కూడా ప్రతి చోటా రాయండి. బ్యాటరీ వయసు మీద పడేకొద్దీ ఆ అంకె మెల్లగా దిగుతుంది. 11.5కి చేరినప్పుడే బ్యాటరీ మార్పిస్తే, వైద్యుడు మాట్లాడుతుండగా తెగిపోయే పరిస్థితి రాదు.