ఈ ఎండల్లో కాఫీ లిక్కర్ సీసాలు ఎక్కడ పెడుతున్నారు?

గరివిడి_బాబు: మా బావ సంక్రాంతికి దుబాయ్ నుంచి వస్తూ ఒక కహ్లువా (తియ్యటి కాఫీ లిక్కర్), ఒక బెయిలీస్ (మీగడ, విస్కీ కలిపిన లిక్కర్) తెచ్చాడు. రెండూ అప్పుడే మూత తీశాం, సగానికి పైగా మిగిలాయి. అప్పట్నుంచి బీరువాలోనే ఉన్నాయి. విజయనగరంలో ఎండలు తెలుసుగా. పనికొస్తాయా?

ఉద్దానం_కొబ్బరి: రెండింటినీ ఒకే గాటన కట్టకండి. కహ్లువాలో పాలు లేవు. ముఖ్యంగా రమ్ము, కాఫీ, పంచదారే. బీరువాలో ఉన్నా కొంపేం మునగదు, మహా అయితే కాఫీ వాసన కాస్త తగ్గుతుంది. బెయిలీస్‌లో ఉన్నది మీగడ. 25 డిగ్రీలు దాటకుండా ఉంచితేనే తయారైన రోజు నుంచి రెండేళ్లు అని కంపెనీవాళ్లే చెప్తారు. మే నెలలో మన బీరువాలో 25 ఎక్కడిదండీ? ముందు ఒక చెంచాడు గాజు గ్లాసులో పోసి చూడండి. పలుకులు కనిపించినా, పుల్లటి వాసన వచ్చినా పారబోయడమే. బాగుంటే ఫ్రిజ్‌లోకి మార్చండి.

గరివిడి_బాబు: చూశా. గ్లాసు గోడకి సాఫీగా జారుతోంది, వాసనా బాగుంది. కహ్లువా మూతే రావట్లేదు.

చీపురుపల్లి_చిన్నోడు: పంచదార గడ్డకట్టేసింది. వేణ్ణీళ్లలో ముంచిన గుడ్డ మూతకి చుట్టి, కాసేపాగి తిప్పండి. పోసిన ప్రతిసారీ సీసా మూతి తుడవాలి, లేదంటే చీమలకి పండగే.

రాజాం_రాత్రిబండి: దాచడం సరే, కలపడం చెప్పండి. నేనైతే థమ్సప్‌లో పోసేస్తా. కాఫీ ఉంది కాబట్టి మత్తు కూడా ఎక్కదు.

ఉద్దానం_కొబ్బరి: కహ్లువా థమ్సప్‌లో బాగానే ఉంటుంది. బెయిలీస్ పోస్తే విరిగిపోతుంది, నిమ్మకాయతోనూ అంతే. ఇక మత్తు సంగతి: కాఫీ నిద్రనే ఆపుతుంది, మత్తుని కాదు. మీ పేరులో బండి ఉంది కాబట్టి చెప్తున్నా.

బొబ్బిలి_డికాషన్: ఎస్ప్రెస్సో మార్టినీ చేసుకోండి. 1980ల్లో లండన్‌లో డిక్ బ్రాడ్‌సెల్ అనే బార్టెండర్ మొదలెట్టిన డ్రింకు. వోడ్కా 50 ఎంఎల్, కహ్లువా 30, చిక్కటి కాఫీ 30. అసలు అందమంతా పైన నిలబడే నురగలోనే ఉంది. ఎస్ప్రెస్సో మిషన్ లేని ఇంట్లో ఫిల్టర్ డికాషన్ కంటే ఇన్‌స్టంట్ పొడే నయం, నురగ బాగా వస్తుంది. రెండు చెంచాల పొడి కాసిని వేణ్ణీళ్లలో కలిపి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెద్ద ఐసుముక్కలతో చెయ్యి తిమ్మిరెక్కేదాకా ఊపండి. గాజు సీసా వద్దు, వేడి కాఫీ మీద ఐసు పడితే చిట్లొచ్చు. వడకట్టి పోసి పైన మూడు కాఫీ గింజలు వేయండి. పంచదార పాకం కూడా వేస్తారు గానీ, కహ్లువా తీపే నాకు ఎక్కువ.

ఉద్దానం_కొబ్బరి: మా కవిటి వైపు మాది వేరే లెక్క. వైట్ రష్యన్ అని వోడ్కా, కాఫీ లిక్కర్, మీగడ కలిపే డ్రింకు ఉంది, అందులో మీగడ బదులు కొబ్బరి మొదటిపాలు. గ్లాసులో ఐసు, వోడ్కా 50, కహ్లువా 20 కలిపి, పాలు 30 చెంచా వెనకవైపు మీదుగా మెల్లగా జార్చండి. నలుపు మీద తెలుపు తేలుతుంది. పాలు అప్పటికప్పుడు పిండినవే కావాలి. ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైకి తేలి గడ్డకడుతుంది.

రాజాం_రాత్రిబండి: మా షాపులో కహ్లువా అడిగితే వింతగా చూశాడు.

బొబ్బిలి_డికాషన్: ఇంట్లోనే చేసుకోండి. ఎస్.కోట మీదుగా అరకు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే గింజలు తెప్పించండి. రవ్వలా బరకగా ఆడించి, ఒక హాఫ్ బాటిల్ రమ్ములో ఒక్కరోజు నానబెట్టి వడకట్టండి. ఎక్కువ నానితే చేదు. తర్వాత దాదాపు అంతే పంచదార పాకం, చల్లారాక కలపండి. 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న రమ్ము 21 శాతం దగ్గరికి దిగుతుంది.

రాజాం_రాత్రిబండి: ఇంట్లో చికోరీ కలిపిన పొడే ఉంది. పనికొస్తుందా?

బొబ్బిలి_డికాషన్: మడ్డి దిగుతుంది, వడకట్టలేక చస్తారు. దాన్ని పొద్దుటి కాఫీకే ఉంచండి.